ఆగుతుందన్న మాట

ఏప్రిల్ రెండో వారానికి సరస్సు మీది మంచు బూడిదరంగుకు తిరిగింది. తెల్లమంచు బరువు మోస్తుంది, బూడిదమంచు మోసం చేస్తుంది. ఆ ఊళ్లో పుట్టిన పిల్లలకు ఇది మాటలతోపాటే వస్తుంది. పదహారేళ్ల కెల్లెన్‌కు ఇంకాస్త ఎక్కువ తెలుసు. వాళ్ల తాత ఏటా చలికాలమంతా మంచుకు బెజ్జాలు వేసి చేపలు పట్టిన మనిషి. ఈ జనవరిలో పోయాడు. ఆయన గునపం ఇప్పుడు మనవడి దగ్గరుంది.

ఆ పొద్దున బడికి పోయేముందు కెల్లెన్ ఒక్కడే వెళ్లి, రాతిగట్టు చివర గునపంతో పొడిచి చూశాడు. ఒక్క పోటుకే దిగిపోయింది. నీళ్లు ఉబికివచ్చాయి. గునపం తుడుచుకుని వెనక్కి తిరిగాడు. అందులో ఆలోచించడానికేమీ లేదు.

సాయంత్రం అదే గట్టు మీద టేట్ వాళ్ల ట్రక్కు ఆగింది, కెల్లెన్‌తోపాటు బడి స్నేహితులంతా దిగారు. తాళాలు ఇస్తూ టేట్ తల్లి, "కెల్లెన్ వస్తున్నాడుగా, ఇక నాకు బెంగ లేదు," అని పంపింది. ఊళ్లో తల్లులందరిదీ అదే ధీమా. ఒంటరిగా ఉన్నప్పటి కెల్లెన్‌నే వాళ్లు చూశారు, గుంపులో ఉన్నప్పుడు కాదు.

సరస్సు నడుమ పాత కారు కాస్త ఒరిగి నిలబడి ఉంది. ఏటా ఇంజను, నూనె తీసేసిన కారొకటి అక్కడ పెడతారు. అది ఏ రోజు మునుగుతుందోనని పెద్దలు పందెం కాస్తారు. పిల్లలది వేరే పందెం. మునిగేలోగా దాని నంబరు పలక ఊడదీసుకొచ్చినవాడే ఆ యేటి మొనగాడు.

"వెళ్లేముందు నీ బూట్లు ఇచ్చిపో," అంది గుంపులోని బ్రిన్, పలక కోసం బయల్దేరిన టేట్‌తో. "కొత్తవి. నీతోపాటు మునగడం దేనికి?"

"మన తాతగారుండగా నేనెందుకు మునుగుతాను?" అన్నాడు టేట్. "ఏం తాతా, ఆగుతుందా?"

అందరూ కెల్లెన్ వైపు తిరిగారు. చలికాలమంతా వాడు వద్దన్నవాడే, అందుకే ఆ 'తాత' పేరు. ఫిబ్రవరిలో ఒకసారి వద్దంటే వాడిని వదిలేసి అవతలి ఒడ్డుకు పోయి చలిమంట వేసుకున్నారు. ఆ ఫోటోలు ఇంట్లో మంచం మీద పడుకుని చూశాడు.

"ఆగుతుంది," అన్నాడు కెల్లెన్.

"అబ్బో, తాత కుర్రాడైపోయాడు," అని బ్రిన్ వాడి భుజం మీద చరిచింది. కెల్లెన్‌కు ఒళ్లంతా వెచ్చబడింది. పొద్దున చూసింది వాడు మరిచిపోలేదు. అది తలలో ఒక గదిలో ఉంది, ఆ క్షణాన వాడు వేరే గదిలో ఉన్నాడు.

టేట్ గట్టు దిగాడు. మంచు సన్నగా మూలిగింది. ఒడ్డున ఈలలు లేచాయి. కెల్లెన్ కూడా ఈల వేయబోయాడు, నోరు ఎండిపోయి గాలే వచ్చింది. కేకేస్తే? టేట్ వెనక్కి రాడు. ఇంతమంది చూస్తుండగా తానైనా వచ్చేవాడు కాదు.

ట్రక్కు వెనక్కి పోయి ఫోన్ చేశాడు. మంచు మీద టేట్ ఆగి, ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

"ఏంట్రా?"

"అబద్ధం చెప్పాను. పొద్దున పొడిచి చూశాను. ఒక్క పోటుకే దిగిపోయింది."

టేట్ తన కాళ్ల కింది మంచు వైపు చూసుకున్నాడు.

"మరి ఆగుతుందన్నావెందుకు?"

"నువ్వు అందరిముందూ అడిగావు."

"ఇప్పుడెలా రమ్మంటావురా? వీళ్లంతా..."

"మీ అమ్మ ఫోనని చెప్పు. నిలబడి మాత్రం రాకు. బోర్లా పడుకుని పాకుతూ రా."

"పాకుతూనా?" టేట్ ఒడ్డు వైపు చూశాడు. "బ్రిన్ వీడియో తీస్తోంది."

కెల్లెన్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ట్రక్కులోని లాగుడు తాడు ఒక కొస బంపరుకు కట్టి, రెండోది నడుముకు చుట్టుకున్నాడు. గట్టు దిగి, అందరూ చూస్తుండగా మంచు మీద బోర్లా పడుకున్నాడు. చొక్కాలోకి చల్లటి నీరు పాకింది. మోచేతుల మీద ముందుకు జరిగాడు.

ఒక్కసారిగా నవ్వులు పేలాయి. "కప్పరోయ్," అన్నారెవరో. "తాతకి ఈత రాదు, ఈలోగా పాకడం నేర్చుకుంటున్నాడు," అంది బ్రిన్. ఫోన్ వాడి వైపు తిప్పింది.

తన మీది చూపులన్నీ పక్కకు మళ్లడం టేట్ చూశాడు. మెల్లగా మోకాళ్ల మీద కూర్చుని, తర్వాత పొట్ట మీద వాలాడు. వాలుతుండగానే ఒక బూటు కింద మంచు విరిగి, కాలు మోకాలిదాకా నీళ్లలోకి పోయింది. ఒడ్డున నవ్వు ఆగిపోయింది.

"కదలకు," అన్నాడు కెల్లెన్. "కాలు లాగెయ్యకు. పక్కకి దొర్లు. అంతే, ఇంకా."

టేట్ దొర్లాడు. చేతులు చాచుకుంటూ ఒకరివైపొకరు జరిగారు. కెల్లెన్ మణికట్టు టేట్ వేళ్లకు దొరికింది. అంత గట్టిగా వాడి చేతిని ఎవరూ ఎప్పుడూ పట్టుకోలేదు.

"తాడు లాగండి," అన్నాడు కెల్లెన్, తల తిప్పకుండా. "మెల్లగా."

బ్రిన్ అప్పటికే ఫోన్ కింద పడేసి, తాడు రెండు చేతులా పట్టుకుని ఉంది.