రెండో వరుస

స్వర్ణలత ఒక చేత్తో దోసె తిప్పుతూ ఇంకో చేత్తో ఫార్వర్డ్ల పేర్లు రాస్తోంది.

“అయిందా? భూపేష్ సార్ వచ్చే టయిమైంది,” హాల్లోంచి అరిచాడు ఆమె మొగుడు శివశంకర్. కర్నూలు అమ్మాయిల హాకీ జట్టుకు అతను కోచ్. ఆ జట్టును పోషించేది గనుల వ్యాపారి భూపేష్.

ముందుండి గోలు కొట్టే ఫార్వర్డ్లు ఆరుగురు, ముగ్గురేసి రెండు వరుసలు. మొదటి ముగ్గురు ఆయాసపడగానే రెండో ముగ్గురు దిగాలి. గట్టి పిల్లలందర్నీ ఒకే వరుసలో పెడితే, వాళ్లు బయటికొచ్చిన నిమిషంలో జట్టు చతికిలపడుతుంది. అందుకే శివలీలను రెండో వరుస మధ్యలో పెట్టింది. ఆలూరు పక్క పల్లెపిల్ల. బంతిని ఆపి, తోటివాళ్లు అందుకునేదాకా ఓర్చుకుంటుంది. ఈ లెక్క శివశంకర్‌కు తెలియదు, అతను పరుగుపందేల మనిషి. హాకీ ఆడింది స్వర్ణలత. పెళ్లైన కొత్తలో కోచ్ పనికి పిలుపొస్తే, “మోకాళ్లు కనపడేట్లు ఎగిరే కోడలు మాకొద్దమ్మా” అంది అత్త గురమ్మ. ఆ పని కొడుక్కు ఇప్పించింది. “నువ్వు ఇంట్లో కూచోని చెప్పు, ఎవురికి తెలుస్తాది?” అన్నాడు మొగుడు. ఆరేళ్లు, నిజంగానే ఎవరికీ తెలియలేదు. గెలిచిన ప్రతిసారీ దండ అతని మెడలో పడింది. అతని చెమట బట్టలు ఆమె బకెట్లో పడ్డాయి.

శివశంకర్ వచ్చి కాగితం చూశాడు. “శివలీలను తీసెయ్. ఈ ఏడాది కాంట్రాక్టు అయిదుమంది ఫార్వర్డ్లకే. ఆ పిల్లకు మొన్న పెండ్లైంది. పెండ్లైన ఆడదానికి ఆట మీద మనసు యాడుంటాది?” అంటూ దోసె తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

ఆ మాట ఎవరితో అంటున్నాడో అతనికి తట్టనైనా లేదు. ఆమె శివలీల పేరు కొట్టెయ్యలేదు.

భూపేష్ కాంట్రాక్టు కాగితాలు పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. శివశంకర్ అదే మాట అతనికీ చెప్పాడు. కాఫీ తెచ్చిన స్వర్ణలత లోపలికి పోలేదు.

“సార్, ఈ ఆరేండ్లు మీ జట్టు వరుసలేసింది పెండ్లైన ఆడదే. నేనే.”

“ఏదో నాకు తోడుండి సాయం చేస్తాది సార్,” నవ్వాడు శివశంకర్.

“అట్లయితే చెప్పప్పా. శివలీల లేకుంటే రెండో వరుస మధ్యన ఎవురుండాల? ఎందుకుండాల?” మొగుణ్ణి అడిగింది స్వర్ణలత.

శివశంకర్ వరుసల కాగితం ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. భూపేష్‌కు సంగతి అర్థమైంది. జేబులోంచి పెన్ను తీసి శివలీల కాంట్రాక్టు మీద సంతకం చేశాడు.

“అయిదుగురు కాదు, ఆరుగుర్నీ పెట్టుకుందాం. అమ్మా, నువ్వు మాత్రం ఎప్పట్లాగే ఇంట్లోంచి చూసుకో. కోచ్ పేరు మారిస్తే నలుగురూ నవ్వుతారు. మొగోని పరువు కదా,” అని లేచి వెళ్లిపోయాడు.

ఇప్పుడు తెలిసి కూడా ఇదే మాట! ఇన్నాళ్లూ ఎవరికీ తెలియకే తన పేరు రాలేదనుకుంది స్వర్ణలత. తను వరుసలు వేయకపోతే పిల్లలు ఓడిపోవచ్చని తెలుసు. అయినా తను రాసిన వరుసల కాగితం మొగుడి చేతిలోంచి తీసుకుని, నాలుగు ముక్కలు చేసి పొయ్యి పక్కన పడేసింది. కాంట్రాక్టు తీసుకుని, శివలీలతో సంతకం చేయించడానికి చెప్పులు తొడుక్కుంది.

“యాడికి పోతాండావు? ఎల్లుండి కడపోళ్లతో మ్యాచ్ ఉండాది! వరుసలెవురేస్తారు?”

“కోచ్ వేస్తాడు,” అంది స్వర్ణలత.