నాలుగింటి కస్టమర్

పన్నెండో గడియారాన్ని కూడా ఆపేశాడు. మెత్తటి గుడ్డతో అద్దం తుడిచి, ముళ్ళను పదీ పది దగ్గర నిలిపి, వెల్వెట్ దిండు మీద కూర్చోబెట్టాడు. అది కంపెనీ నిబంధన. షోకేసులో ఏ గడియారమూ నడవకూడదు. అన్నీ పదీ పది చూపిస్తూ నవ్వుమొహాల్లా వరసగా ఉండాలి.

ముప్పై ఒక్క ఏళ్ళుగా పొద్దున్నే ఇదే పని. అయినా అతని వేళ్ళకు పాత జబ్బు పోలేదు. గడియారం చేతికి తగలగానే కీ ఇచ్చేస్తాయి. ఇచ్చిన సంగతి అది టిక్కుటిక్కుమన్నాక గానీ అతనికి తెలియదు. నాలుక కరుచుకుని మళ్ళీ ఆపుతాడు.

బల్ల మీద కంపెనీ ముద్ర ఉన్న కవరు పడి ఉంది. చించకముందే లోపల ఏముందో తెలుసు. దొంగ కస్టమర్ రిపోర్టు.

కంపెనీ ఎవరినో పంపుతుంది. మామూలు మనిషిలా వస్తాడు, అదీ ఇదీ చూసి వెళ్ళిపోతాడు. వారం తిరగకుండా రిపోర్టు వస్తుంది. మొదటిదాంట్లో, కస్టమర్ ఎదురుగా ఉండగా రెండుసార్లు దగ్గారని రాశారు. రెండోదాంట్లో, షోకేసులో ఒక గడియారం నడుస్తోందని రాశారు. మూడోది కూడా చెడితే గుమ్మం మీది కంపెనీ బోర్డు దించేస్తారు. దారి చెప్పడానికి ఆ వీధిలో అందరికీ ఆ బోర్డే గుర్తు. అది పోతే తన షాపు ఎక్కడుందో తనకే తెలియదేమో అని అతని భయం.

కాగితం విప్పాడు. ఇవాళ్టి తేదీ. వచ్చిన సమయం, సాయంత్రం నాలుగు గంటలు.

అప్పటికి ఉదయం పదిన్నరే అయింది.

'షాపు తెరిచి ఉంది. యజమాని కుర్చీలో కూర్చుని ఉన్నారు. కస్టమర్ వచ్చినా లేవలేదు. పలకరిస్తే బదులు లేదు. చేతికి కంపెనీ గడియారం లేదు. బల్ల మీద మూత తీసిన గడియారం ఒకటి ఉంది. అది నడుస్తోంది.'

పక్కనే కళ్ళజోళ్ళ షాపు. దాని యజమాని టీ గ్లాసుతో వచ్చి, కాగితం లాక్కుని చదివాడు.

"టైపు కొట్టినవాడు నిద్రమత్తులో కొట్టాడు బావా. పోయిన నెలదో ఏమిటో."

"నేను పగలు కుర్చీలో కూర్చోను. కావాలంటే నా నడుమునడుగు."

"అయితే నాలుగింటికి నిలబడు. పడిపోతావని భయమైతే చెప్పు, తాడేసి స్తంభానికి కడతా."

ఇద్దరూ నవ్వారు. అతని నవ్వు ముందు ఆగిపోయింది.

మొదట్లో ఇలా ఉండేది కాదు. అప్పటి మేనేజరు ఊరికి వస్తే ఈ షాపులోనే కూర్చుని భోంచేసేవాడు. "మీ చేతికుంటే మా గడియారానికి గౌరవమండీ" అంటూ ఆ ఏడాది మోడల్‌ని స్వయంగా ఇతని చేతికి కట్టాడు. ఆయన రిటైరయ్యాక కంపెనీ నుంచి మనిషన్నవాడు రాలేదు. ఉత్తరాలే వచ్చాయి. కొత్త కోడలికి పెట్టినట్టు ఆరళ్ళు మొదలయ్యాయి. వేరే కంపెనీల గడియారాలు ఉండకూడదు, తీసేశాడు. గోడ గడియారాలు వద్దన్నారు, దించేశాడు. రిపేరు బల్ల ఉండకూడదన్నారు. అదీ తీసేసి, పనిముట్లు మాత్రం సొరుగులో దాచుకున్నాడు. రెండేళ్ళ కిందట విడిభాగాలు పంపడం మానేశారు. అమ్మడమే మీ పని అన్నారు.

ఒంటిగంటకు భార్య పైనుంచి క్యారేజీ తెచ్చింది.

"ఎడమ చెయ్యి అలా రుద్దుకుంటున్నారేం?"

"గడియారం బిగుతుగా ఉంది."

"ముప్పై ఏళ్ళుగా లేని బిగుతు ఇవాళే వచ్చిందా? పదండి డాక్టరు దగ్గరికి."

"నాలుగు దాటాక వెళ్దాం."

"నాలుగింటికి ఏముంది? మహారాజుగారు వేంచేస్తున్నారా?"

ఆమె సణుక్కుంటూ మెట్లెక్కింది. వెంటనే అతను కుర్చీని గోడవైపు తిప్పి పెట్టేశాడు.

రెండున్నరకు రిటైరైన టీచరమ్మ ఒకావిడ వచ్చింది. రుమాలు విప్పి ఒక గడియారం బల్ల మీద పెట్టింది. అతని చేతికున్న మోడలే.

"మా ఆయనది. ఆయన పోయాక దిండు కింద పెట్టుకుని పడుకునేదాన్నండీ. ఆ చప్పుడు ఆగిపోయి నెలయింది. మీ కంపెనీవాళ్ళకి పంపిస్తే తిరిగొచ్చింది. పాతదట, భాగాల్లేవట, కొత్తది కొనుక్కోమన్నారు. కొత్తదాని చప్పుడు ఆయన చప్పుడవుతుందా?"

కంటికి భూతద్దం బిగించి మూత తీశాడు. బ్యాలెన్సు చక్రం ఇరుసు విరిగింది. గడియారానికి గుండెకాయ అదే. ఆ మోడల్‌కు ఇప్పుడు ఎక్కడా దొరకదు.

ఒక్కచోట తప్ప.

అతని చూపు కాగితం మీదికి వెళ్ళింది. 'చేతికి కంపెనీ గడియారం లేదు.' చెమట పట్టింది. గుమ్మం మీది బోర్డు నీడ గచ్చు మీద నల్లగా పడి ఉంది.

"కుదరకపోతే ఫర్వాలేదండీ. మీ మొహమే చెబుతోంది," అని ఆవిడ రుమాలు మడవబోయింది.

"ఉండండమ్మా," అన్నాడు. తన చేతి గడియారం విప్పాడు. మణికట్టు మీద ముప్పై ఏళ్ళ తెల్లటి మచ్చ బయటపడింది.

గంటకు పైగా పట్టింది. చిన్న పట్టకారుతో తన గడియారం గుండెకాయను తీసి, ఆవిడ గడియారంలో కూర్చోబెట్టాడు. ఊపిరి బిగబట్టి కీ ఇచ్చాడు. కదిలింది. ఆవిడ దాన్ని చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుంది.

"మళ్ళీ ఆగితే?"

"ఆగదమ్మా. నాతో పాటు పరిగెత్తింది. దానికి అలవాటే."

ఆవిడ వెళ్ళేసరికి నాలుగుకు పది నిమిషాలుంది.

కాగితం అందుకుని, ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి చదివాడు. చేతికి గడియారం లేదు. నిజమే. బల్ల మీద మూత తీసిన గడియారం. అదీ నిజమే. చివరి వాక్యం దగ్గర వేలు ఆగింది. 'అది నడుస్తోంది.'

గట్టిగా నవ్వాడు.

"ఇక్కడ దొరికావురా అబ్బాయ్!"

గుండెకాయ లేని గడియారం ఎలా నడుస్తుంది? ఒకటి అబద్ధమైతే అన్నీ అబద్ధమే. పొద్దుటి నుంచి ఛాతీ మీద కూర్చున్న బరువు దిగినట్టయింది. వేళ్ళు అలవాటు చొప్పున ఆ ఖాళీ గడియారానికి కీ ఇచ్చాయి. ఈసారి నాలుక కరుచుకోలేదు. ఇచ్చుకోనీ.

నడుము లాగుతోంది. ఇంకా పది నిమిషాలుంది కదా. కుర్చీని బల్ల దగ్గరకు లాక్కుని కూర్చున్నాడు. ఎడమ చెయ్యి బల్ల మీది గాజుపలక మీద చాపాడు. గాజు చల్లగా, హాయిగా ఉంది.

నాలుగింటికి గుమ్మం గంట మోగింది.

మోగడం తాను విన్నానని కళ్ళజోళ్ళ షాపాయన తర్వాత చెప్పాడు. ఎవరో మనిషి పెన్ను జేబులో పెట్టుకుంటూ బయటికి రావడం కూడా చూశాడు. మొహం మాత్రం ఎంత తలుచుకున్నా గుర్తుకు రావడం లేదన్నాడు.

నాలుగూ పదికి భార్య చెప్పులేసుకుని మెట్లు దిగింది.

"నాలుగు దాటింది, లేవండి."

అతను లేవలేదు. ఆమె భుజం మీద చెయ్యి వేసింది. మరోసారి పిలిచింది, ఈసారి మెల్లగా. తర్వాత పిలవలేదు.

షాపంతా నిశ్శబ్దం. షోకేసులో పన్నెండు గడియారాలూ పదీ పది దగ్గర ఆగి ఉన్నాయి. అతని వేళ్ళకు జానెడు దూరంలో, చక్రం ఉండాల్సిన చోట చిన్న ఖాళీ గుంటతో, మూత తీసిన గడియారం టిక్కుటిక్కుమంటూ నడుస్తోంది.