చివరి ర్యాంకు ఎవరికి

గంటసారుని ఆయన క్లాసులోనే చివరి బెంచీలో కూర్చోబెట్టారు. కెమిస్ట్రీ మేడం అది కళ్ళారా చూసింది.

ఫిజిక్సు చెప్పే ఆ పెద్దాయన బెల్లు కొట్టినా పాఠం ఆపడని పిల్లలు పెట్టుకున్న పేరది. ఆ రోజు బెల్లు కాదు, మనిషే వచ్చి ఆపాడు. యూనివర్సిటీలో కొత్తగా తెరిచిన నాణ్యతా విభాగానికి అధికారి అతను. ఎవర్ని చూసినా కొలత తీసుకుంటున్నట్టు పైనుంచి కిందికి చూస్తాడని స్టాఫంతా చాటుగా కొలబద్ద అనేవాళ్ళు. తలుపు తట్టకుండా లోపలికొచ్చి, బోర్డు ఎడమ మూలని వేలితో చూపించాడు.

"పాఠం లక్ష్యాలు ఇక్కడ రాయాలని సర్క్యులర్ పంపాం. చదవలేదా?"

"చదివానండీ. ముందు పిల్లలకి సంగతి తలకెక్కనిచ్చి, తరవాత రాద్దామని..."

"తరవాత కాదు. మీరలా వెనక్కెళ్ళి కూర్చోండి. క్లాసు ఎలా మొదలెట్టాలో నేను చూపిస్తాను."

గంటసారు వెళ్ళి కూర్చున్నాడు. సుద్దపొడి అంటిన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, బడికి ఆలస్యంగా వచ్చినవాడిలా తల దించుకున్నాడు. పిల్లలు కూడా తలలు దించుకున్నారు. ఒకమ్మాయి మాత్రం పుస్తకం మూసేసింది.

వరండాలో నిలబడి చూస్తున్న కెమిస్ట్రీ మేడానికి ఒళ్ళు మండింది. మండిన మాట అబద్ధం కాదు. కానీ ఆ మంట కింద చల్లగా ఇంకేదో కదిలింది. హమ్మయ్య, నాకన్నా కింద ఒకరున్నారు అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడి, గబగబా అక్కణ్ణుంచి వెళ్ళిపోయింది.

ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకి ఇలా పై మనిషి కొలతలకి నిలబడడం కొత్తగా ఉండదు. పాఠాలు చెప్పేవాళ్ళకి మాత్రం కొత్త. ఇక్కడి లెక్చరర్లంతా కాంట్రాక్టు మనుషులు. ఏడాది తిరిగేసరికి మళ్ళీ తీసుకుంటారో లేదో తెలీదు. ఆ ఏడు ప్రతి వారం ఒక సర్క్యులర్ దిగేది. బోధనా నాణ్యత మార్గదర్శకాలట. అందులో మంచి మాటలు లేకపోలేదు. పిల్లల్ని ప్రశ్నలడగనివ్వండి, వెనక బెంచీదాకా వినపడేలా చెప్పండి అని ఉండేది. రెండు సెక్షన్లు కలిపి ఒకే గదిలో కుక్కితే వెనక బెంచీ ఎంత దూరంలో ఉంటుందో, ల్యాబులో గాజు గొట్టాలు సగం పగిలి ఉంటే ప్రశ్నకి జవాబు ఎలా చూపించాలో మాత్రం ఉండేది కాదు. చివర్లో అసలు సంగతి చిన్నగా చెప్పేవాళ్ళు. అందరికీ ర్యాంకులిస్తారు. పిల్లలూ మార్కులు వెయ్యాలి, ఒకరి క్లాసుకి ఒకరు వెళ్ళి తోటివాళ్ళూ మార్కులు వెయ్యాలి. ఆ ర్యాంకులు మెయిన్ బిల్డింగు గుమ్మంలో పెద్ద టీవీలో ఫొటోలతో కనపడతాయి. ఏడాది ముగిసేసరికి చివరి ర్యాంకులో ఉన్నవాళ్ళని మళ్ళీ తీసుకోరు.

మొదటిసారి టీవీ వెలిగించినప్పుడు పైన కనపడింది చిలక.

చిలక అంటే కెమిస్ట్రీలోనే పనిచేసే చిన్న లెక్చరరు. మాటలు టపటపా దొర్లిస్తుందని ఆ పేరు. ఒకప్పుడు కెమిస్ట్రీ మేడం దగ్గరే చదువుకుంది. ఆమే దగ్గరుండి దరఖాస్తు పెట్టించి, ఇంటర్వ్యూకి తన చీర కట్టించి పంపింది. ఉద్యోగం వచ్చిన కొత్తలో "మేడం" అనేది. తరవాత "అక్కా" అనడం మొదలెట్టింది. అప్పుడది ముద్దుగానే ఉండేది. ఇప్పుడు ఆ ఫొటో కింద నిలబడి తన మొహం ఎక్కడుందో వెతుక్కుంటుంటే, ఆ అక్కా అన్న పిలుపు కూడా గుచ్చుకుంది. తన ఫొటో చాలా కింద ఉంది. దాని కింద గంటసారు, ఇంకొకళ్ళో ఇద్దరో.

"దానికి సుద్దముక్క పట్టుకోవడం నేర్పిందే నేను" అంది ఇంటికెళ్ళి మొగుడితో.

"మంచిదేగా. నువ్వు బాగా నేర్పావన్నమాట" అన్నాడతను.

"బాగా నేర్పితే నా మొహం కింద ఎందుకుంది?"

ఆ వారమంతా అన్నం తింటున్నా, బట్టలు మడతపెడుతున్నా చిలక గొడవే. దాని నవ్వు దొంగ నవ్వు. పిల్లల్ని మెప్పించడానికి గంతులేస్తుంది. చివరికి మొగుడు విసుక్కున్నాడు. "నీ పుణ్యమా అని ఈ ఇంట్లో నా పేరుకన్నా ఆ పిల్ల పేరే ఎక్కువ వినపడుతోంది."

ఆ మాటకి నవ్వొచ్చింది గానీ కడుపుమంట చల్లారలేదు.

చిలక క్లాసు చూసి మార్కులు వెయ్యమని కొలబద్ద ఆమెనే పంపాడు. కావాలనే పంపాడేమో ఎవరికి తెలుసు. పీక పట్టుకుందామనే వెళ్ళింది కెమిస్ట్రీ మేడం.

చిలక ఆ రోజు సమతాస్థితి, అదే ఈక్విలిబ్రియం, గురించి చెబుతోంది. బోర్డు మీద ఒక్క గీతైనా గియ్యకుండా సగం మంది పిల్లల్ని గది బయట నిలబెట్టింది. లోపల్నుంచి ఒకరు బయటికి వెళ్ళినప్పుడల్లా బయట్నుంచి ఒకరు లోపలికి రావాలంది. కాసేపు తోపులాట, నవ్వులు. తరవాత గుమ్మం దగ్గర నడక ఒక దారిలో పడింది.

"ఇప్పుడు చెప్పండి. లోపలున్నవాళ్ళ సంఖ్య మారుతోందా?"

"లేదు మేడం."

"మరి అందరూ ఆగిపోయారా?"

"లేదు" అన్నాడు గుమ్మంలో ఉన్నవాడు. ఒక్క క్షణం ఆగి, "ఓహో" అని నెమ్మదిగా అన్నాడు. ఆ ఓహో గదంతా పాకింది.

ఎన్నో ఏళ్ళుగా అదే పాఠం చెబుతున్న కెమిస్ట్రీ మేడం అలాంటి ఓహో ఎన్నడూ వినలేదు. బాగా చెప్పకపోతే జాలిపడి వదిలేసేదేమో. బాగా చెప్పింది. అందుకే వదల్లేకపోయింది. 'తరగతిలో క్రమశిక్షణ లేదు' అని రాసి, అట్టడుగు మార్కులు వేసి వచ్చింది.

ఏడాది ముగిసేముందు మళ్ళీ టీవీ వెలిగింది. చిలక ఫొటో పైనుంచి జారి మధ్యలోకి పడింది. గంటసారు అట్టడుగున ఉన్నాడు. వచ్చే ఏడాది నుంచి రావద్దని ఆయనకి చెప్పేశారు. ఇంతా చేసి కెమిస్ట్రీ మేడం ర్యాంకు పైకి రాలేదు సరికదా, ఇంకో మెట్టు దిగింది. ఆమె క్లాసుకి వచ్చిన ఇంగ్లీషు మాస్టారు తక్కువ తిన్నాడా మరి.

చిలక నేరుగా స్టాఫ్ రూముకి వచ్చింది. అందరూ అక్కడే ఉన్నారు. గంటసారు తన సొరుగు ఖాళీ చేసుకుంటున్నాడు.

"నా క్లాసుకి వచ్చింది మీరొక్కరే మేడం" అంది.

అక్కా అనలేదు. కెమిస్ట్రీ మేడం తల ఎత్తలేదు.

"అవును. నేనే."

"ఎందుకని?"

"నాకు ఏడుపొచ్చింది. నువ్వు బాగా చెప్పావు. ఓర్చుకోలేకపోయాను. చాలా?"

అంత మాట అంత సూటిగా వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఆ గదికి మూత ఊడినట్టయింది. "మరి నా మార్కులెవరు కోశారు?" అని లెక్కల మేడం లేచింది. ఇంగ్లీషు మాస్టారు మీద ఒకరు విరుచుకుపడితే ఆయన ఇంకొకరి మీద పడ్డాడు. "నా క్లాసులో నిద్రపోతున్నారని రాస్తావా?" "నిద్రపోతుంటే నిద్రపోతున్నారనే రాస్తారు." "నీ క్లాసులో మేలుకుని ఏం చేస్తున్నారో చెప్పమంటావా?" ఏళ్ళ తరబడి ఒకే ఫ్లాస్కులో టీ తాగినవాళ్ళు ఒకరి చదువులు ఒకరు, ఒకరి కట్టూబొట్టూ ఒకరు తవ్విపోసుకున్నారు. వరండాలో పిల్లలు గుమిగూడారు.

గంటసారు సొరుగు మూశాడు. ఆయన గొంతు పెంచలేదు. అయినా అందరికీ వినపడింది.

"ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. ఆ పెద్దమనిషి నన్ను చివరి బెంచీలో కూర్చోబెట్టినప్పుడు మీలో ఎవరికైనా కాస్త తేలిగ్గా అనిపించిందా?"

లెక్కల మేడం కూర్చుంది.

"నాకనిపించింది" అంది కెమిస్ట్రీ మేడం.

"నాక్కూడా" అన్నాడు ఇంగ్లీషు మాస్టారు, గోడ వైపు చూస్తూ.

"తప్పులేదు. చివర నేనున్నంతకాలం మీకు భయం లేదు. ఇప్పుడు నేను పోతున్నా. మీరందరూ దేవుళ్ళలా పాఠాలు చెప్పినా సరే, ర్యాంకులంటూ ఉన్నాక చివర ఒకరుండాలిగా. ఈసారి ఎవరు?"

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇందాకటి చూపులు కావవి. వరండాలోంచి ఒక పిల్ల లోపలికి వచ్చింది. ఆ రోజు ఫిజిక్సు క్లాసులో పుస్తకం మూసేసిన అమ్మాయే.

"మా చేత కూడా మార్కులు వేయిస్తున్నారండీ" అంది. "కూర్చోడానికి బెంచీలు చాలవు. బెంచీలెందుకు లేవని అడిగితే, ముందు మీ సారుకి ఎన్ని మార్కులో చెప్పండి అంటున్నారు. మాకు సారుతో తగువు లేదు."

మర్నాడు మధ్యాహ్నం సైకిళ్ళ షెడ్డులో మీటింగు పెట్టుకున్నారు. లెక్చరర్లు, పిల్లలు, ల్యాబుల్లో పనిచేసే కాంట్రాక్టు వాళ్ళు కూడా వచ్చారు. పర్మనెంటు ప్రొఫెసర్లు కొందరు దూరంగా నిలబడి విన్నారు.

"మనం పాఠాలు చెప్పుకునేవాళ్ళం. కూలీల్లా రోడ్డెక్కడమేంటి?" అన్నాడు వాళ్ళలో ఒకాయన.

"కూలీలం కాకపోతే ఏడాదికోసారి గుమ్మంలో నిలబడి, అయ్యా మళ్ళీ తీసుకోండి అని ఎందుకడుక్కుంటున్నామండీ?" అంది చిలక.

జనం ఘొల్లుమన్నారు. కెమిస్ట్రీ మేడం కూడా నవ్వింది. నవ్వుతూనే, ఆ మాట నాకెందుకు తట్టలేదు అనుకుంది. చిలక ఏం మాట్లాడినా ఇంతమంది చెవులు రిక్కించి వింటున్నారు. పోరాటంలోకి వచ్చినా ఆ పాడుబుద్ధి వెంటే వచ్చింది.

"నాకిద్దరు పిల్లలు" అన్నాడు ఇంగ్లీషు మాస్టారు. "మీరంతా రేపు సర్దుకుని లోపలికెళ్తే, నేనొక్కణ్ణే బయటుంటాను."

"అందుకేగా ఎవరూ ఒక్కరే ఉండొద్దనేది" అంది లెక్కల మేడం, నిన్న అతని జుట్టు పట్టుకోబోయిన మనిషే.

చాలాసేపు వాదించుకున్నాక తేల్చుకున్నారు. మార్కులు వెయ్యడానికి ఎవరూ ఎవరి క్లాసులోకీ అడుగుపెట్టరు. నేర్చుకోడానికైతే ఎవరైనా ఎవరినైనా పిలుచుకోవచ్చు. ర్యాంకులు తియ్యాలి, సెక్షన్లు విడదియ్యాలి, గంటసారుని మళ్ళీ తీసుకోవాలి.

ఈ డిమాండ్లు కాగితం మీద చేతికందినా కొలబద్ద కోప్పడలేదు. చిలకని గదికి పిలిపించి టీ ఇప్పించాడు. అరగంట దాకా ఆమె బయటికి రాలేదు.

"ఏమన్నాడు?" అడిగింది కెమిస్ట్రీ మేడం.

"మామూలే అక్కా. తరవాత చెప్తా."

అక్కా అంది. ఆ పిలుపులో కూడా ఏదో దాస్తోందనిపించింది కెమిస్ట్రీ మేడానికి. అమ్ముడుపోయింది అనుకుంది. అలా అనుకోవడంలో ఒక తీపి ఉంది, దాన్ని చప్పరిస్తూ కూర్చుంది. ఎవరికైనా చెబుదామని నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఈ సైకిళ్ళ షెడ్డు జనం మళ్ళీ ఆ స్టాఫ్ రూము జనం అయిపోతారని నోరు నొక్కుకుంది. ఆ వారంలో ఆమె చేసిన కష్టమైన పని అదే.

నాణ్యతా దినోత్సవం అని సభ పెట్టారు. వైస్ ఛాన్సలరు, రిజిస్ట్రారు స్టేజీ మీద కూర్చున్నారు. కొలబద్ద మైకు తీసుకుని, ర్యాంకుల్లో చిన్న పొరపాటు జరిగిందని, మొదటి స్థానం చిలకదేనని ప్రకటించాడు. అంతేకాదు, ఆమెని పర్మనెంటు చేసి, కాంట్రాక్టు లెక్చరర్లందరి మీదా బోధనా మార్గదర్శిగా వేస్తున్నామన్నాడు.

చిలక లేచి చకచకా స్టేజీ ఎక్కింది. చూశావా, అనుకుంది కెమిస్ట్రీ మేడం. నేననుకున్నదే.

చిలక మైకు అందుకుంది.

"టీ ఇచ్చిన రోజునే ఈ పదవి ఇస్తామన్నారు. ఆలోచించుకుంటానన్నాను. నిజంగానే ఆలోచించాను, ఆశ లేదని అబద్ధం చెప్పను. ఇందులో నా పనేంటో అడిగాను. మావాళ్ళలో చివరివాళ్ళెవరో ఏటేటా వీళ్ళకి చెప్పాలట. నేను చెప్పను. ఈ ఉద్యోగం నాకొద్దు. గంటసారుని వెనక్కి పిలవండి."

మైకు పీకేశారు. కానీ అప్పటికే వెనకనుంచి కుర్చీల చప్పుడైంది. లెక్చరర్లు లేచారు, పిల్లలు లేచారు. ఎవరూ అరవలేదు. నడుచుకుంటూ బయటికొచ్చి మెయిన్ బిల్డింగు మెట్ల మీద కూర్చున్నారు. దూరంగా నిలబడి విన్న ప్రొఫెసర్లలో ఇద్దరు చెప్పులు విడిచి వాళ్ళ పక్కన కూలబడ్డారు. ఆ గుమ్మంలోంచి ఇంక ఎవరూ లోపలికి వెళ్ళడానికి లేదు.

ఎండ మెట్ల మీదినుంచి దిగేసరికి పోలీసు వ్యాను వచ్చింది. ఇన్‌స్పెక్టరుకి రిజిస్ట్రారు ఒక్కరినే చూపించాడు. చిలకని చెరో రెక్కా పట్టుకుని లేపారు. "చిలకమ్మని వదలాలి" అని పిల్లలు అందుకున్నారు. వందల గొంతుల్లో అదే పేరు.

కెమిస్ట్రీ మేడానికి కడుపులో పాత మంట భగ్గుమంది. ఇప్పుడు కూడా అదేనా? నేను చదువు చెప్పిన పిల్ల నాకన్నా ముందు వ్యాను ఎక్కడమేంటి? నన్నెందుకు వదిలేశారు? ఇన్నాళ్ళూ ఆ మంట ఆమెని చిలక కాళ్ళు లాగడానికే తరిమింది. ఇవాళ వ్యాను వైపు తరిమింది. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి తలుపు పట్టుకుంది.

"మీరు ఇంటికెళ్ళండమ్మా. మీతో మాకు పనిలేదు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అదేంటి, ఆమె అన్నదే మేమందరం అన్నాంగా. ఒక్కదాన్నే ఎలా తీసుకెళ్తారు?"

అతను అడ్డు చెప్పేలోగా చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి పైకెక్కేసింది. చిలక పక్కన కూర్చుని ఊపిరి తీసుకుంది.

"నీ మీద ఏడుపు ఇంకా పోలేదే" అంది.

"తెలుసక్కా" అంది చిలక. "కాస్త అటు జరగండి. వెనక ఇంకా వస్తున్నారు."

నిజమే. లెక్కల మేడం ఎక్కుతోంది. ఆమె వెనక, పెద్దకూతురికి ఫోనులో అన్నం పెట్టుకు తినమని చెబుతూ ఇంగ్లీషు మాస్టారు. ఆయన వెనక గంటసారు. గేటు పక్క టీబడ్డీ దాటి, చెట్ల దాకా సాగిన వరసలో పిల్లలు. ఇంక చోటు లేదని కానిస్టేబులు తలుపు వెయ్యబోయాడు. తలుపు పడలేదు.

"ఇంకో వ్యాను పిలిపించండి సార్. మేం ఆగుతాం" అంది కింద నిలబడ్డ పుస్తకం మూసిన అమ్మాయి, మెట్టు మీద కాలు పెట్టి.