అంపైరు కొడుకు

మా నాయన పోయిన ఏడాదికి, ఆయన పేరు మీద పుంగనూరులో బాల్ బ్యాడ్మింటన్ టోర్నమెంటు పెడుతున్నామని గోవిందప్ప మదనపల్లెకు వచ్చి చెప్పాడు. గోవిందప్ప ముప్పై ఏళ్ళుగా పుంగనూరు క్లబ్బుకు సెక్రటరీ. ఇంట్లో అందరూ పొంగిపోయారు. నేను మాత్రం కుర్చీ తెచ్చే నెపంతో లోపలికి జారుకోబోయాను.

"కొడుకువు, నువ్వే మాట్లాడాల ముద్దుకృష్ణా. మీ నాయన సంగతి నీకంటే ఎవురికి తెలుసు?" అన్నాడాయన.

నిజమే. నాకు తెలిసిన సంగతి ఒకటుంది. అది నాకొక్కడికే తెలుసనుకుంటూ పదమూడేళ్ళు బతికాను.

మా నాయన వరదరాజులు. మార్కెట్ యార్డులో టమోటా మండీ ఉండేది. ఊరికంతా ఆయన వరదప్ప. పొద్దున మండీ, సాయంత్రం కోర్టు, మధ్యలో ఎవరింట్లో పెళ్ళి చెడినా, ఎవరి బోరు ఎండినా అక్కడ హాజరు. "ఈ ఇంటికి కూడా పంచాయితీ పెడితే అప్పుడైనా వస్తాడు" అని మా అమ్మ రాజేశ్వరమ్మ దెప్పేది. కరువు ఏడాదిలో మండీ లారీ మీద ట్యాంకు ఎక్కించి హమాలీల కాలనీకి రెండు నెలలు నీళ్ళు తోలించాడు. తోలించడమే కాదు, బిందెల వరసలో తగువు రాకుండా తానే నిలబడ్డాడు.

కోర్టంటే వకీళ్ళుండే కోర్టు కాదు. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు, నడుమ నెట్టు, పసుపుపచ్చ ఉన్ని బంతి. క్రికెట్టు పిచ్చి పట్టిన ఈ కాలం పిల్లలకు ఈ ఆట సంగతి చెబితే గాని తెలియదు. మా జిల్లాలో అప్పట్లో బాల్ బ్యాడ్మింటన్ కోర్టు లేని ఊరు ఊరే కాదు. నాయన ఆడినన్నాళ్ళు ఆడి, మోకాలు మొరాయించాక అంపైరయ్యాడు.

మండీలో ఆయనకొక పద్ధతి ఉండేది. గంపలో పైన ఎర్రగా నిగనిగలాడే కాయలు పేర్చి, అడుగున మెత్తబడ్డవీ గోళీలంతవీ దాచడం మా రైతులకు కొత్త విద్యేం కాదు. అనుమానమొస్తే మిగతా మండీల్లో గంప కుమ్మరిస్తారు. నాయన కుమ్మరించనిచ్చేవాడు కాదు. రైతు మొహంలోకి చూసి "అడుగున ఎట్లుండాయప్పా?" అనేవాడు. రైతు ఏం చెబితే అదే వేలంలో చెప్పేవాడు. ఒకసారి పెద్దతిప్పసముద్రం నుంచి వచ్చిన ముసలి రైతు "బాగుండాయి" అనేసి, వేలం మొదలయ్యాక పరుగెత్తుకొచ్చి, "రెండు గంపల్లో మెత్తవి ఉండాయి వరదప్పా, నా నోరు పడిపోను" అని చెంపలేసుకున్నాడు. నాయన నవ్వి, ఆ రెండు గంపలూ పక్కన పెట్టించాడు.

కోర్టులోనూ అదే పద్ధతి. బంతి బ్యాటుకు కాక ఒంటికి తగిలితే తప్పు. కానీ ఆ వేగంలో ఎవరికి తగిలిందో, తగల్లేదో చెప్పడం కష్టం. అట్లాంటప్పుడు నాయన విజిల్ వేసి ఆట ఆపి, ఆటగాణ్ణి పేరు పెట్టి పిలిచి అడిగేవాడు. అతను చెప్పిందే తీర్పు. "అడిగినాక అనుమానించగూడదు. అనుమానం ఉంటే అడగనే గూడదు" అనేవాడు. మదనపల్లె నుంచి కుప్పం దాకా అన్ని కోర్టుల్లో ఇది చట్టమైపోయింది. వరదప్ప అడిగితే అబద్ధమాడే మగాడు లేడని చెప్పుకునేవాళ్ళు. నేనున్న సంగతి వాళ్ళకు తెలియదు.

తొంభై ఐదులో పుంగనూరులో ఫైనలు. మదనపల్లెకూ కుప్పానికీ. షామియానా కింద జిల్లా సెలెక్టర్లు కూర్చున్నారు. జిల్లా జట్టులో మిగిలింది ఒక్క చోటు. అది నాకు దక్కాలి, లేదంటే కుప్పం మునిరత్నానికి. జట్టులోకి వెళితే సర్టిఫికెట్టు వస్తుంది, సర్టిఫికెట్టు ఉంటే స్పోర్ట్స్ కోటాలో సర్కారు ఉద్యోగం వస్తుంది. మునిరత్నం నాయన రాళ్ళ క్వారీలో కూలి. వాడు చెప్పుల్లేకుండా ఆడేవాడు, నాకంటే బాగా ఆడేవాడు. నేను డిగ్రీ రెండుసార్లు తప్పి, టమోటా వాసనంటే ముక్కు మూసుకుని తిరిగే మండీ యజమాని కొడుకుని. ఉద్యోగం ఎవరికి అవసరమో గుడ్డివాడైనా చెబుతాడు.

కొడుకు ఆడుతున్నాడు కాబట్టి తాను అంపైరుగా నిలబడనన్నాడు నాయన. కుప్పం వాళ్ళే ఒప్పుకోలేదు. "నువ్వుంటేనే ఆడతాం వరదప్పా" అన్నారు.

మూడో గేములో వాళ్ళకింక ఒక్క పాయింటు చాలు. మునిరత్నం కొట్టిన బంతి నేరుగా వచ్చి నా ఎడమ భుజానికి తగిలి, అక్కణ్ణించి బ్యాటు మీద పడి, నెట్టు దాటి వాళ్ళ ఆటగాళ్ళిద్దరి మధ్యన పడింది. మునిరత్నం చెయ్యెత్తాడు. నాయన విజిల్ వేశాడు.

"ముద్దూ, ఒంటికి తగిలిందా?"

భుజం ఇంకా చురుక్కుమంటూనే ఉంది. షామియానా వైపు చూశాను. సెలెక్టర్లలో ఒకాయన కలం పట్టుకుని ఉన్నాడు.

"లేదు నాయనా" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. గుటక వేసినంత సేపు, అంతే. తరువాత సర్వీసు మాదని చేయి చూపించాడు. కుప్పం వాళ్ళు గొడవ చేసి ఉంటే బాగుండేది. నన్ను బూతులు తిట్టినా బాగుండేది. మునిరత్నం ఎత్తిన చేయి దించేసి, తన చోటుకు వెళ్ళి నిలబడ్డాడు. అడిగింది వరదప్ప కదా మరి, ఇంక మాటేముంది.

ఆ ఆట మేం గెలిచాం. ఆ చోటు నాకొచ్చింది. రెండేళ్ళకు ఉద్యోగమూ వచ్చింది. ఇవాళ్టికీ ఒకటో తారీఖున జీతం తీసుకుంటున్నప్పుడు ఆ భుజం గుర్తుకొస్తుంది. అయినా తీసుకుంటూనే ఉన్నాను.

ఆ ఫైనలు అయిన వెంటనే నాయన విజిల్ తీసి గోవిందప్ప చేతిలో పెట్టాడు. "కన్ను ఆనడం లేదప్పా, ఇంక నా వల్ల కాదు" అన్నాడు. ఎవరెంత బతిమాలినా మళ్ళీ పట్టలేదు. అమ్మ పోరగా పోరగా కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు చూసి, ఈ వయసుకు ఇంత మంచి చూపు అరుదన్నాడు. "నా కన్ను సంగతి డాక్టరుకేం తెలుసు" అని నాయన కొట్టిపారేశాడు. అమ్మ ఆ సంగతి నవ్వుతూ చెబుతుంటే నేను తేలు కుట్టిన దొంగలా అన్నం కలుపుకుంటూ కూర్చున్నాను.

ఇంకొకటి కూడా జరిగింది. అది నాకు చాలా ఆలస్యంగా అర్థమయింది. ఆ తరువాత నాయన నన్ను ఏమీ అడగలేదు. మండీలో రైతుల్ని అడిగేవాడు, వీధిలో పిల్లల్ని అడిగేవాడు. నాతో మాట్లాడేవాడు, జోకులేసేవాడు, జ్వరమొస్తే పక్కన కూర్చునేవాడు. అడిగేవాడు మాత్రం కాదు. పెళ్ళిచూపులప్పుడు కూడా "పిల్ల నచ్చిందేమో వాణ్ణి అడుగు" అని అమ్మకు చెప్పాడు, నేను ఆ గదిలోనే ఉండగా. వయసు మీద పడుతోంది, మనిషి మారుతున్నాడు అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఎంత సిగ్గులేనివాణ్ణో చూడండి, నా తప్పును ఆయన ముసలితనం ఖాతాలో వేశాను.

చెప్పాలనుకోలేదా అంటే, అనుకున్నాను. ప్రతి ఏడాదీ అనుకున్నాను. ఆయన పోవడానికి వారం ముందు వసారాలో కూర్చుని పాత బ్యాటుకు గట్టు తీగలు బిగిస్తున్నాడు. పక్కన కూర్చున్నాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. "కాఫీ తాగుతావా నాయనా?" అన్నాను.

రెండు వేల ఎనిమిదిలో, టోర్నమెంటు రోజున, పుంగనూరు కోర్టు దగ్గర వేదిక కట్టారు. నాయన ఫోటోకు దండ వేశారు. రైతులు మాట్లాడారు, హమాలీలు మాట్లాడారు. ఒకామె కాలనీ నీళ్ళ సంగతి చెబుతూ ఏడ్చింది. గోవిందప్ప మైకు పట్టుకుని, "విజిల్ పట్టినన్నాళ్ళూ వరదప్ప ఒక్క తప్పుడు తీర్పు ఇయ్యలేదు. ఎవురైనా ఉంటే లేసి చెప్పండి" అన్నాడు. నా కళ్ళు జనంలో వెతికాయి. మునిరత్నం మూడో వరసలో ఉన్నాడు. కుప్పంలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు మాస్టరట. ఆడపిల్లల జట్టును తీసుకొచ్చాడు. జుట్టు సగం నెరిసింది. గోవిందప్ప మాటకు తల కూడా ఎత్తలేదు, కాలి కింద మన్ను చూసుకుంటున్నాడు.

నన్ను పిలిచారు. నాలుగు మంచి మాటలు రాసుకున్న కాగితం జేబులోనే ఉంది. తీయలేదు.

"ఒకటి ఇచ్చినాడు. తొంభై ఐదు ఫైనల్లో. తప్పు ఆయనది కాదు, నాది. బంతి నా ఒంటికి తగిలింది. లేదని అబద్ధం చెప్పినా. మునిరత్నానికి రావాల్సిన చోటు నేను తీసుకున్నా. ఆ ఉద్యోగమే చేస్తాండాను."

రాయి పడుతుందనుకున్నాను. పడి ఉంటే ఈ కథ రాసేవాణ్ణి కాదేమో. వెనక ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. తరువాత అందరూ కొట్టారు. "అదీ, వరదప్ప కొడుకంటే అట్లుండాల!" అని ఎవరో అరిచారు. గోవిందప్ప కళ్ళు తుడుచుకుంటూ నన్ను వాటేసుకున్నాడు. శాలువా తెప్పించి కప్పాడు. పదమూడేళ్ళ దొంగతనానికి సన్మానం! రెండు నిముషాల్లో నన్ను సత్యహరిశ్చంద్రుణ్ణి చేసి కూర్చోబెట్టారు. అసలు సిగ్గు అది కాదు. ఆ చప్పట్లు వింటుంటే నాకు హాయిగా అనిపించింది. అమ్మయ్య, అయిపోయింది అనిపించింది.

మునిరత్నం చప్పట్లు కొట్టలేదు. లేచి కోర్టు వైపు వెళ్ళిపోయాడు. నేను వేదిక దిగి వెళ్ళేసరికి నెట్టు తాడు బిగిస్తున్నాడు. శాలువాతోనే ఎదురుగా నిలబడ్డాను.

"తప్పయిపోయింది మునిరత్నం" అన్నాను.

"నాకేమీ కొత్త మాట చెప్పలేదు గదన్నా నువ్వు" అన్నాడు, తాడు వదలకుండా.

"అంటే?"

"మీ నాయన ఆ వారమే కుప్పానికొచ్చినాడు. మా ఇంటికాడికి. మా నాయన ముందర, నా ముందర చేతులు జోడించినాడు. 'బంతి వాని భుజానికి తగిలిన సద్దు నాకు ఇనపడింది. అడిగితే చెప్తాడులే అనుకుంటి. చెప్పలేదు. అంతమంది ముందర కొడుకును అబద్ధాలోడనేదానికి నాకు నోరు రాలేదు. తప్పు నాదప్పా' అన్యాడు. సెలెక్టర్ల కాడికి పోదాం రా, నేను చెప్తానన్యాడు. మా నాయనే వద్దన్యాడు. ఆ మాట బయట పడితే పెద్దాయన యార్డులో తలెత్తుకోలేడు, పోనీలేరా అన్యాడు."

నాయన ఆ విజిల్ ఎందుకు వదిలేశాడో, కళ్ళ డాక్టరుకు ఏం తెలియదో ఒక్కసారిగా అర్థమయింది.

"ఏటా వచ్చేటోడన్నా" అన్నాడు మునిరత్నం. నాయన ఏటా కుప్పం పోతే టమోటా నారు కోసమే అనుకునేవాళ్ళం ఇంట్లో. "మా బడి పిల్లోళ్ళకి బ్యాట్లు తెచ్చేటోడు. పోయేటప్పుడు చెప్పేటోడు, 'ఇంకా చెప్పలేదు మునిరత్నం. చెప్తాడు సూడు. నేనుండంగానే చెప్తాడు. ఆ పొద్దు ఇద్దరం కలిసి నీ కాడికొస్తాం' అని. ఆఖరి ఏడు నేనుండబట్టలేక అంటి, 'ఇన్నేండ్లు యాల మోస్తావప్పా, నువ్వే ఒకసారి అడిగేయరాదా' అని."

"ఏమన్నాడు?"

మునిరత్నం తాడు ముడి వేశాడు. వేసిన ముడినే మళ్ళీ లాగి చూశాడు.

"'అడిగితే మళ్ళీ లేదంటాడేమోనని భయంరా' అన్యాడు."

మైకులో నా పేరు పిలుస్తున్నారు, ఆట ప్రారంభించడానికి రమ్మని. మునిరత్నం తన పిల్లల వైపు వెళ్ళిపోయాడు. మా నాయన భయం అనే మాట వాడగా నేనెన్నడూ వినలేదు. ఆ ఫైనలు తరువాత పన్నెండేళ్ళు ఒకే ఇంట్లో, ఒకే వసారాలో పక్కపక్కన కూర్చున్నాం. నేనే ఆయనకు భయపడుతున్నాననుకున్నాను. ఆయన నాకు భయపడి బతికాడు.