ఒక్క గ్లాసు అయ్యేదాకా

2019 మే 3, శుక్రవారం. ఆ మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి తిరిగొచ్చి విన్‌ఫ్రీడ్, అతని భార్య గెర్లిండె తెల్ల ఆస్పరాగస్ కాడలు, ఉడికించిన బంగాళాదుంపలు, కరిగించిన వెన్న వేసుకుని భోజనానికి కూర్చున్నారు. తిన్నది ఆమె ఒక్కతే. అతను ఫోర్కుతో దుంపలు చిదుముతూ ఉండిపోయాడు. ప్లేటు ఖాళీ చేసి మూతి తుడుచుకుని, "సెప్టెంబర్లో అక్క కూతురి పెళ్లి అయ్యేదాకా అక్కకు చెప్పకు," అంది గెర్లిండె. అతను సరేనన్నాడు. పెళ్లి దాకా ఆమె ఆగలేదు. జులైలోనే కన్నుమూసింది. అక్క రోస్‌వీతాకు జబ్బు సంగతి తెలిసింది చివరి నాలుగు రోజుల్లో.

ఆ తర్వాత రెండేళ్లు రోస్‌వీతా వంతెన దాటి ఈ ఒడ్డుకు రాలేదు. ఆమె ఇల్లు జర్మనీలోని మోజెల్ నదికి అవతల. విన్‌ఫ్రీడ్ వంటింట్లోంచి చూస్తే కనిపిస్తుంది. పొద్దున్నే ఆ ఇంటి కిటికీ రెక్కలు తెరుచుకుంటే అతనికి అదొక ఊరట.

జూన్‌లో ఒక గురువారం ఆమె ఫోన్ చేసింది.

"శనివారం ఆరింటికి వస్తాను. ఏమీ వండకు. రొట్టె ముక్క కూడా పెట్టకు. ఒక్క గ్లాసు అయ్యేదాకా కూర్చుంటాను."

"అలాగే వదినా," అనేలోపే పెట్టేసింది.

ఆ నది ఒడ్డు ఊళ్లలో ఎంత పడనివాళ్లయినా, గుమ్మంలోకి వచ్చిన మనిషికి గ్లాసు వైన్ పోస్తారు. వచ్చినవాళ్లూ కాదనరు. కలిసి తినడం మాత్రం వేరు. వదిన వస్తున్నది కలవడానికి కాదు, తేల్చుకోవడానికి. ఆ గ్లాసు ఎంతసేపు నిలిస్తే అంతసేపే తన గడువు. తొలి గుక్కకే ముఖం చిట్లిస్తే లేచి వెళ్లిపోతుంది. ఇక రాదు.

అప్పటి నుంచి విన్‌ఫ్రీడ్‌కు కాలు ఒకచోట నిలవలేదు. నేలమాళిగ మెట్లు దిగాడు, ఎక్కాడు, మళ్లీ దిగాడు. ఒక సీసా తెచ్చి బల్ల మీద పెట్టడం, దాని ముఖం నచ్చక వెనక్కి తీసుకుపోవడం. ఎరుపు మరీ బరువనిపించింది. నురగలది పండగలా ఉంటుందనిపించింది. చివరికి శనివారం మధ్యాహ్నం, నిటారు కొండ మీది తోటది, తీపి చుక్కయినా లేని పేరున్న రీస్లింగ్ తెల్ల వైన్ ఒకటి తెరిచాడు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని గుర్తొచ్చి, బాగా మాగిన చీజ్ నాలుగు ముక్కలు కోసుకున్నాడు. ముక్క కొరికి గుక్క వేస్తే అమృతం. అయినా మనసు కుదటపడక పక్కింటి ఉర్సెల్‌ను పిలిచాడు. ఆమెది నాలుగు తరాల ద్రాక్షతోట. నోరు కూడా ద్రాక్షకత్తెరే.

"మాస్టారూ, ఆ పక్కనున్నదేంటి?"

"చీజ్."

"నలభై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పారు! చీజ్ నములుతూ వైన్ ఎంచుతారా ఎవరైనా? చీజ్ పక్కన కూర్చోబెడితే వెనిగర్ కూడా పెళ్లికొడుకే. కొనడానికొచ్చినవాడికి మా తాత అందుకే పెద్ద ముక్క పెట్టేవాడు. నోరు పుక్కిలించి రండి."

పుక్కిలించి వచ్చి తాగాడు. పులుపు నాలుక పక్కలను గీరింది. కడుపు లోపలి నుంచి రొట్టె, ఉప్పు, ఏదో ఒకటి ఇవ్వమని గోల పెట్టింది. దీన్నే పోసి ఉంటే!

"ఇది మంచిదే, కానీ తిండి తోడు లేనిదే బతకదు," అంది ఉర్సెల్. "ఏమీ తినకుండా తాగేది తేలిగ్గా ఉండాలి. కాస్త తీపి, దాన్ని మోయడానికి సరిపడా పులుపు, మత్తు తక్కువ. మనుషుల్ని మాట్లాడుకోనివ్వాలి."

"తేలికదా? అది మామూలు సీసా కదమ్మా. వదినకు మామూలుది పోస్తే ఏమనుకుంటుంది?"

"ఆవిడకు మర్యాద చేస్తున్నారా, మీ గొప్ప చూపిస్తున్నారా?"

ఉర్సెల్ వెళ్లి తన ఇంటి నుంచి తొమ్మిదేళ్ల నాటి కాబినెట్ రకం వైన్ తెచ్చింది, మిగతా పంట కంటే పది రోజుల ముందే కోసిన పండుతో చేసిన పలుచటి రీస్లింగ్. దాంతోపాటు, అడక్కుండానే అతని చీజ్ పళ్లెం కడిగి బోర్లించి పోయింది.

ఆ సీసాను ఫ్రిజ్‌లో పెట్టాడు. మరీ చల్లబడుతుందేమోనని తీశాడు. వెచ్చబడుతుందేమోనని మళ్లీ పెట్టాడు. ఆరు కొట్టేసరికి అది ఎంత చల్లగా ఉందో అతనికే తెలియదు.

రోస్‌వీతా కోటు విప్పకుండానే కూర్చుంది. అతను పోశాడు. ఆమె వాసన చూసింది, ఒక గుక్క తాగింది. ముఖం చిట్లించలేదు. ఇంకో చిన్న గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది. విన్‌ఫ్రీడ్‌కు అప్పుడు ఊపిరాడింది.

"గొప్పది తీస్తావనుకున్నాను," అంది.

"తీశాను. ఉర్సెల్ తిట్టింది."

ఆమె మూతి చివర ఏదో కదిలి ఆగిపోయింది. గోడ గడియారం వైపు చూడకుండా ఉండటానికి అతను చేతులు బల్లకింద బిగించాడు. గ్లాసు సగమైంది.

"ఒక్కటి అడుగుతాను. నిజం చెప్పు. నాకు చెప్పొద్దన్నది నా చెల్లెలా, నువ్వా?"

రెండేళ్లుగా ఆ జవాబు అతని దగ్గర సిద్ధంగా ఉంది. ఒక్క ముక్క చాలు, తప్పంతా పోయినామె మీదికి పోతుంది.

"అడిగింది తను," అన్నాడు. "ఆ మాట పట్టుకుని వేలాడింది నేను వదినా. జూన్ చివర్లో 'అక్కను పిలవనా' అని నేను అడగాల్సింది. అడిగితే ఒప్పుకునేదేమో. మీ అక్కాచెల్లెళ్లు ఏడుస్తుంటే చూసే ధైర్యం నాకు లేకపోయింది."

రోస్‌వీతా గ్లాసు చేతిలోకి తీసుకుంది. మిగిలినది తాగేసింది. ఖాళీ గ్లాసు మీద అరచెయ్యి పెడితే ఇక చాలని అర్థం. ఆమె చెయ్యి గ్లాసు దాకా వెళ్లింది, అంచును పట్టుకుంది, గ్లాసును అతని వైపు వేలెడు దూరం జరిపింది.

"సగమే," అంది. "క్షమించాననుకోకు."

"అనుకోను."

"పిరికివాడివి."

"అవును వదినా."

"అదీ పిరికిదే. చిన్నప్పుడు పళ్ల డాక్టరు దగ్గరికి నన్ను పంపి, తన పేరు చెప్పమనేది." కోటు బొత్తాములు ఒక్కొక్కటే విప్పింది. "నా పన్ను పీకించింది, రాక్షసి."

సగం కాస్తా రెండు సగాలైంది.

ఎనిమిదిన్నరకు, వేసవి కాబట్టి ఇంకా వెలుతురు ఉండగానే అతను ఆమెను వంతెన దాటించాడు. మధ్యలో ఆమె మోకాలు పట్టేసి, అతని మోచెయ్యి పట్టుకుంది. గుమ్మం దగ్గర తాళంచెవి వెతుక్కుంటూ, "లోపలికి రమ్మనడం లేదు సుమా," అంది.

"తెలుసు."

"ఖాళీ కడుపుతో తాగించావు. నీరసంగా ఉంది. నువ్వూ వెళ్లి ఏదైనా తిను."

లోపలికి వెళ్లి, అతను మెట్టు దిగేదాకా ఆగి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.