అత్త పేరు రాసిన డబ్బా

డబ్బా నింపాల్సింది భూదేవి. నింపింది కోడలు హారతి. అది తప్పని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. ఒకే పొయ్యి మీద ఉడికిన అన్నం, ఒకే బిందెలో నీళ్లు, ఒకే గిన్నెలో పెరుగు. అందులో నీ కడుపు వేరు, నా కడుపు వేరు అనడానికి ఏముంది?

ఆ డబ్బా ఆ ఇంటికి రావడానికి కారణం భూదేవి ఒంటి నొప్పి. సూరత్ డిండోలిలో వాళ్లుండే వరస గదుల చాలీలో ఆమె నొప్పి గురించి విననివాళ్లు లేరు, నమ్మినవాళ్లూ లేరు. పదకొండేళ్లుగా ఉన్న నొప్పి అది. ఒకరోజు మెడలో, ఒకరోజు తుంట్లో, ఒకరోజు అరికాళ్లలో. కొన్ని రోజులైతే కట్టుకున్న చీర భుజానికి ఒరుసుకున్నా వాత పెట్టినట్టు ఉండేది. ఫోటో తీస్తే ఎముకల్లో ఏమీ లేదన్నారు. రక్తం చూస్తే రక్తంలో ఏమీ లేదన్నారు. కొడుకు పరుశురాం మరమగ్గాల సాంచెల ముందు పన్నెండు గంటలు నిలబడి వచ్చి, "నొప్పంటే నాకుండాలె అవ్వా. ఇంట్ల కూసొని చీరల దారాలు కత్తిరిచ్చేదానివి, నీకేం నొప్పే?" అని నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. నవ్వితే దవడ నొచ్చేది.

గల్లీ చివర మెడికల్ దుకాణం ఉంది. అక్కడ పుడియా ఇస్తాడు. పాత కాగితంలో చుట్టిన నాలుగు గోలీలు. ఎరుపూ పసుపూ కలిసినదొకటి, తెల్లవి రెండు, గులాబీది ఒకటి. వాటికి పేర్లుండవు. జ్వరానికి అదే, నడుముకు అదే, కడుపు జారితే అదే. సాంచెల మీద పనిచేసేవాళ్లకు మంచాన పడి లేచే తీరిక ఎక్కడిది? పొద్దున పుడియా వేసుకుంటే సాయంత్రం పనికెక్కాలి. చాలీలో ఎవరికి బాగా లేకపోయినా భూదేవే వెళ్లి తెచ్చిచ్చేది. ఆ ఇంటి పోపుల డబ్బాలో జీలకర్ర గిన్నె పక్కన ఎప్పుడూ నాలుగైదు పుడియాలుండేవి.

మాఘమాసం రాబోతుండగా ఒకనాడు నీరజ వచ్చింది. ఆ చాలీలోనే పుట్టి పెరిగిన పిల్ల, పెద్ద దవాఖానలో ఒక డాక్టరమ్మ దగ్గర పనిచేస్తోంది. చేతిలో సంచి, సంచినిండా తెల్ల డబ్బాలు.

"పెద్దమ్మా, నీ నొప్పుల గురించే వచ్చిన. మా మేడమ్ చూస్తరట. కానీ నీ దగ్గర ఒకటి కావాలె."

"ఏం కావాలె? రక్తమా? పీల్చుకో, ఉన్నదే గింత."

"రక్తం కాదు. పొద్దున పోతవు కదా, అది. గీ డబ్బాల."

భూదేవి ఆ డబ్బాను వెనక్కి నెట్టింది. "నీకు పెండ్లి గాక పిచ్చి లేసిందే."

"జర ఇను పెద్దమ్మా. మన పేగులల్ల కోట్లకు కోట్ల పురుగులుంటయట."

"నట్టలా? నట్టల మందు ఏసుకున్న పోయిన యేడు."

"నట్టలు కాదు, కండ్లకు కనబడనియి. పాలు తోడు పెడితే పెరుగైతది కదా, ఎవలు చేస్తున్నరు దాన్ని? గసొంటియి. అండ్ల మంచియి ఉంటయి, చెడ్డయి ఉంటయి. ఊకె గోలీలేసుకొని మంచియి సచ్చిపోతే ఒంట్ల నొప్పులు లేస్తయేమోనని మేడమ్ సోచాయిస్తున్నరు. పక్కా ఎవలకు తెల్వదు. గదే చూస్తున్నరు."

దవాఖానకు వెళితే ఆ డాక్టరమ్మ భూదేవిని కూర్చోబెట్టి, బొటనవేలితో మెడ వెనక, భుజాల మీద, మోచేతుల దగ్గర, మోకాళ్ల లోపలి పక్క నొక్కి చూసింది. నొక్కిన ప్రతిచోటా భూదేవి కళ్లలో నీళ్లు తిరిగాయి. డాక్టరమ్మ నవ్వలేదు. అందుకోసమే భూదేవి డబ్బా తీసుకుంది.

డబ్బా ఇవ్వాల్సిన రోజే మార్కండేయ జయంతి పడింది. నేతవాళ్ల సమాజం హాలులో నైవేద్యానికి పులిహోర కలిపేది ఏటా భూదేవే. తలస్నానం చేసి మడి కట్టుకున్న మనిషి ఆ డబ్బా ఎలా పట్టుకుంటుంది? పైగా మూడు రోజులుగా ఆమె కడుపు కదల్లేదు. అయిదిళ్లకు ఒక్క పాయిఖానా. పొద్దున ఏడింటికి రాత్రి పాళీ దిగిన మగవాళ్లంతా దాని ముందు వరుసగా నిలబడతారు. నీరజ ఎనిమిదింటికి వస్తానంది.

"నువ్వే నింపియ్యి హారతీ. నీదైతే ఏంది, నాదైతే ఏంది? ఇద్దరం తినేది ఒక్క కుండల బువ్వనే."

"ఛీ, అత్తమ్మా!" అని హారతి నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వింది. కానీ నింపి ఇచ్చింది. డబ్బా మీద భూదేవి పేరు, భూదేవి వయసు, భూదేవి ఇంటి నంబరు. హారతికి ఇరవై మూడేళ్లు. ఆమెకు నెల తప్పిన సంగతి అప్పటికింకా ఎవరికీ తెలియదు.

నాలుగు నెలలకు రిపోర్టు వచ్చింది. ఎండ మండిపోతోంది. భూదేవి ఒక్కతే దవాఖానకు వెళ్లింది. డాక్టరమ్మ కంప్యూటరు తిప్పి రంగురంగుల గీతలు చూపించింది. మిగతావాళ్ల గీతల్లో ఆకుపచ్చ, నీలం, పసుపు అన్నీ కలిసి ఉన్నాయి. భూదేవి పేరున్న గీత దాదాపు పొడుగునా ఒక్కటే రంగు, మట్టి రంగు.

"మాసీ, అరవై మందిని చూశాం. అందరిలోకీ ఎక్కువ పాడైపోయిన కడుపు మీదే" అంది డాక్టరమ్మ హిందీలో. "ఉండాల్సినవి చాలా రకాలు లేనే లేవు. మీలాంటి నొప్పి ఉన్న ఆడవాళ్లలో ఇలా కనబడుతోంది. మీరు ఊరికే అంటున్నది కాదు ఇది."

పదకొండేళ్ల తర్వాత ఒక మనిషి ఆ మాట అన్నది. భూదేవికి ఆ కాగితం తీసుకెళ్లి కొడుకు ముఖం ముందు పెట్టాలనిపించింది. చాలీ గోడకు అంటించాలనిపించింది.

డాక్టరమ్మ ఇంకా చెబుతూనే ఉంది. ఏది ముందో తమకింకా తెలియదంది. నొప్పి వల్ల కడుపు ఇలా మారిందో, కడుపు మారడం వల్ల నొప్పి పుట్టిందో. కానీ ఇలాంటి నొప్పి ఉన్నవాళ్ల పేగుల్లోని పురుగుల్ని ఏ నొప్పీ లేని ఎలుకలకు ఎక్కించి చూశారంది. కొన్నాళ్లకు ఆ ఎలుకలు ముట్టుకుంటే ముడుచుకుపోయాయట. ఇప్పుడు దాన్నే తిరగేసి చూస్తామంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లవి తీసి, గోలీల్లో పెట్టి, నొప్పి ఉన్నవాళ్లకు ఇస్తాం. పన్నెండు మందికే. మొదటి పేరు మీదే. సోమవారం రండి.

"ఒగలది తీసి ఒగలకా?" అని భూదేవి నీరజ వైపు చూసింది.

"వాసన రాదులే పెద్దమ్మా" అంది నీరజ. "గోలీ మింగినట్టే."

"వాసనొచ్చినా మింగుత బిడ్డా."

లేవబోతూ, ఊరికే తోచి, డాక్టరమ్మను ఒక మాట అడిగింది. ఈ పురుగులు మనిషికి మొట్టమొదట ఎక్కడి నుంచి వస్తాయి?

"తల్లి నుంచి. పుట్టేటప్పుడు బిడ్డకు మొదట అంటేవి చాలావరకు తల్లివే."

చేతిలో కాగితంతో భూదేవి మెట్లు దిగింది. ఆటో ఎక్కింది. ఉధ్నా దాటేదాకా సంతోషంగానే ఉంది. ఆ తర్వాత ఎప్పుడు గుర్తొచ్చిందో తెలియదు గానీ, చేతిలో కాగితం మళ్లీ విప్పి చూసింది. ఆ కాగితం మీది పేరు తనది. ఆ కడుపు తనది కాదు.

ఇంటికి వచ్చేసరికి హారతి చీరల కట్ట ముందు కూర్చుని దారాలు కత్తిరిస్తోంది. ఐదో నెల. అత్తను చూసి లేచింది. ఎడమ అరచెయ్యి గోడకు ఆనించి, ఒక క్షణం ఆగి, పెదవి బిగబట్టి లేచింది. కడుపుతో ఉన్న పిల్ల అలాగే లేస్తుందని భూదేవి ఇన్నాళ్లూ అనుకుంది. కానీ పెళ్లయిన ఏడాదికి కూడా ఆ పిల్ల అలాగే లేచేది కదా! పొద్దున పూట కత్తెరలో వేళ్లు దూరక, ముందు వేడినీళ్లలో ముంచుకునేది. సాంచెల చప్పుడు భరించలేక చెవులు మూసుకుంటే, ఇంకా అలవాటు పడలేదని చాలీ ఆడవాళ్లు ఎగతాళి చేసేవారు. అన్నీ కళ్లముందే జరిగాయి. తన నొప్పి మోసుకుంటూ తిరిగిన మనిషికి పక్క మనిషిది కనబడలేదు.

"ఏమన్నరు అత్తమ్మా?"

భూదేవి కోడలిని కూర్చోబెట్టి, వెనక్కి వెళ్లి, డాక్టరమ్మ పెట్టినట్టే మెడ వెనక బొటనవేలు పెట్టి నొక్కింది. హారతి కత్తెర గట్టిగా పట్టుకుంది. భుజం మీద నొక్కింది. ఏమీ అనలేదు. మోచేతి దగ్గర నొక్కేసరికి చేతిలోంచి కత్తెర జారి కింద పడింది.

"ఎప్పటి సంది?"

హారతి తల వంచుకుంది.

"నిన్నే అడిగేది. ఎప్పటి సంది నొస్తుంది?"

"రెండేండ్లయితుంది."

"ఒక్కనాడన్న చెప్పకపోతివేందే?"

"నువ్వు పదకొండేండ్ల సంది చెప్తనే ఉన్నవు కదా అత్తమ్మా. ఎవలు నమ్మిండ్రు?"

కింద పడిన కత్తెర తీసుకుంటూ హారతే మళ్లీ అంది. "పుడియా ఏసుకుంటే జర తక్కువైతది. పొద్దున ఒకటి, మాపటికొకటి."

"ఇప్పుడు కూడానా? కడుపుల బిడ్డ ఉండంగ?"

"నువ్వు తెచ్చిన మందే కదా అని..."

అవును, తను తెచ్చిన మందే. హారతి కాపురానికి వచ్చిన వారానికి సూరత్ నీళ్లు పడక కడుపు జారితే, పరుగున వెళ్లి మొదటి పుడియా తెచ్చింది తనే. "నాలుగు గోలీలు మింగు, నాలుగు గంటలల్ల లేస్తవు" అని తన చేత్తో నోట్లో వేసింది. తర్వాత జలుబుకు, తలనొప్పికి, నెలసరికి. నీరజ మాటలు ఇప్పుడు చెవిలో మోగుతున్నాయి. మంచియి సచ్చిపోతే. ఎన్నిసార్లు చంపింది తను, ఎంత ప్రేమగా!

ఆ కోపంలో భూదేవి పోపుల డబ్బా తెరిచి పుడియాలన్నీ తీసి మురికినీళ్ల మోరీలో కుమ్మరించింది. హారతి దిండు కింద దాచుకున్నవి కూడా వెతికి పారేసింది. అది శనివారం. ఆదివారం మధ్యాహ్నానికి హారతి అన్నం ముద్ద మింగలేక కక్కింది. సాయంత్రానికి నిలబడితే కళ్లు తిరిగాయి. పరుశురాం కంగారుపడి, "మెడికల్‌కు పోయి పుడియా తేవాల్నా?" అన్నాడు. భూదేవి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

అలా కూర్చుని ఆలోచించింది. సోమవారం నోరు మూసుకుని వెళితే గోలీలు దొరుకుతాయి. చీర ఒంటికి తగిలితే చీరలాగే ఉండే రోజు ఒకటి రావచ్చు. నోరు తెరిస్తే తన పేరు కొట్టేస్తారు. మూసుకుంటే, ఆ మట్టి రంగు గీత హారతిదని ఎవరికీ తెలియదు. ఆ పిల్ల మళ్లీ పుడియా వేసుకుంటుంది, కాన్పవుతుంది. పుట్టే బిడ్డ తల్లి నుంచి ఏం తీసుకుంటుంది?

సోమవారం కోడలిని ఆటోలో పడుకోబెట్టుకుని తీసుకెళ్లింది. డాక్టరమ్మ బల్ల మీద తెల్ల సీసా ఉంది. సీసా మీద భూదేవి పేరుంది.

"ఆ డబ్బా నాది కాదు" అంది భూదేవి, కూర్చోకుండానే. "ఈ పిల్లది."

నీరజ ముఖం పాలిపోయింది. "పెద్దమ్మా! మేడమ్ నన్ను ఉంచుతరా ఇగ?"

డాక్టరమ్మకు ముందు కోపం వచ్చింది. తర్వాత హారతి ముఖం చూసింది, కోపం పోయింది. రక్తపు పోటు చూసింది. పుడియా సంగతి విని, రంగులు అడిగింది. భూదేవి ఒక్కొక్క రంగూ చెప్పింది. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

"ఎప్పుడు ఆపారు?"

"శనివారం. అన్నీ మోరీల పోసిన."

"అందులో ఒకటి, ఇన్నాళ్లు వేసుకున్నాక ఒక్కసారిగా ఆపకూడని మందు. మెల్లగా తగ్గించాలి. ఇంకో రోజు ఆలస్యమైతే ఏమయ్యేదో!" అని లేచి, మంచం సిద్ధం చేయమని కేకేసింది.

భూదేవి కోడలిని మంచం మీదికి చేర్చింది. పెట్టిందీ తన చెయ్యే, తీసిందీ తన చెయ్యే. రెండింటికీ దెబ్బ తిన్నది ఆ పిల్ల.

సెలైను ఎక్కాక హారతికి కాస్త తెలివి వచ్చింది. డాక్టరమ్మ పక్కన కూర్చుని, నొప్పి పదిలో ఎంత ఉంటుందో చెప్పమంది. హారతి అత్త వైపు చూసి, "మూడు" అంది.

"అబద్ధం" అంది భూదేవి. "ఎనిమిది రాయి డాక్టరమ్మా. దానికెంత నొస్తదో నాకెర్కే."

డాక్టరమ్మ ఎనిమిది రాసింది. జాబితాలో భూదేవి పేరు కొట్టేసింది. తెల్ల సీసా అలమారలోకి వెళ్లింది. "మరి ఈ పిల్లకు ఇయ్యరాదా?" అని భూదేవి అడిగింది. గర్భంతో ఉన్నవాళ్లకు ఇవ్వమంది డాక్టరమ్మ. కాన్పయ్యాక చూద్దామంది. బిడ్డ సంగతి అడిగితే, "చెప్పలేను మాసీ. నిజంగా తెలియదు" అంది. ఇంకెవరైనా అయితే భయపడకు అని ఉండేవారు. ఆమె ఆ మాట అనలేదు.

నాలుగు రోజులకు ఇంటికి పంపారు. మళ్లీ రెండు డబ్బాలిచ్చారు, ఒకదాని మీద భూదేవి పేరు, ఒకదాని మీద హారతి పేరు.

మర్నాడు పొద్దున ఏడింటికి భూదేవి తన డబ్బా చేతిలో పట్టుకుని పాయిఖానా ముందు వరుసలో నిలబడింది. ముందు రాత్రి పాళీ దిగిన మగవాళ్లు. రాజమౌళి అనే ముసలి సాంచెల మనిషి వెనక్కి తిరిగి చూశాడు.

"ఏం వదినా, చేతిల ఏంది? ప్రసాదమా?"

"ఆ, ప్రసాదమే. నీకూ ఓ డబ్బా ఇయ్యమంటవా? మెడకాయ తిప్పరాక ఒళ్లంత తిప్పి చూస్తున్నవు."

అందరూ నవ్వారు. రాజమౌళి నవ్వుతూనే మెడ మీద చెయ్యి వేసుకున్నాడు. అతని వెనకవాడు నడుము పట్టుకుని ఉన్నాడు. ఆ వెనకవాడి చొక్కా జేబులోంచి మడతపెట్టిన పాత కాగితం మూల కనబడుతోంది. గల్లీ చివర మెడికల్ షట్టరు అప్పుడే పైకి లేస్తోంది. ముగ్గురు ఆడవాళ్లు ముందే వచ్చి నిలబడ్డారు, ఒకామె చంకలో పిల్ల.

ఎనిమిదింటికి నీరజ వచ్చి రెండు డబ్బాలూ సంచిలో వేసుకుంది. ఈసారి మీద పేర్లు రెండుసార్లు చదివింది.

"రిపోర్టు ఎప్పుడొస్తది బిడ్డా?"

"నాలుగు నెలలు పడతది పెద్దమ్మా."

గుమ్మంలో కూర్చున్న హారతి, గోడకు చెయ్యి ఆనించి లేవబోతూ ఆగింది. రెండో చెయ్యి కడుపు మీద పెట్టుకుంది. బిడ్డ కదిలింది.

కాన్పుకు కూడా సరిగ్గా నాలుగు నెలలే ఉంది. ఏది ముందొస్తుందో భూదేవి లెక్క వేయలేదు.