పాన్‌దాన్‌లో గోలీలు

జగిత్యాల బస్టాండులో మా బాపు రామకిషన్‌రావు హమాలీని పిలవలేదు. ట్రంకు పెట్టె తానే భుజాన వేసుకుని, కదులుతున్న కరీంనగర్ బస్సు వెంట పరుగెత్తాడు. రామకిషన్‌రావు ఎవరి మాట విన్నాడు గనుక! నాకు కోపం నషాళానికి అంటింది.

కిందటి నెలలోనే డాక్టరు విడమరచి చెప్పాడు. మనిషి పరుగెత్తితే, మంచి గుండెకు రక్తం తెచ్చే నాళాలు వాటంతటవే వదులై ఎక్కువ రక్తం పంపిస్తాయట. బాపువి ఆ పని మానుకుని బిగుసుకుపోతున్నాయి. నొప్పి రాగానే నాలుక కింద గోలీ పెట్టుకుంటే నాళాలు వదులవుతాయి.

"నాలుక మండిందంటే పని చేస్తున్నట్టే. గాజు సీసాలోంచి మాత్రం తీయకండి, సత్తువ పోతుంది" అన్నాడు.

బాపు సీసాను ఎక్కడపడితే అక్కడ మరిచి వచ్చేవాడు. పాన్ మాత్రం మరిచేవాడు కాదు. మేం అవ్వ అని పిలిచే మా అమ్మ జానకీబాయి పాన్‌దాన్ లేనిదే గడప దాటదు. అందుకని గోలీలన్నీ అందులో లవంగాల గిన్నెలో పోసింది. ఎంత తెలివి అని అందరం మెచ్చుకున్నాం.

బస్సు గంగాధర ఊరి దగ్గరికి వచ్చేసరికి బాపు ఛాతీ పట్టుకుని సీట్లోనే వంగిపోయాడు. అంగీ చెమటతో తడిసిపోయింది. అవ్వ పాన్‌దాన్ తెరిచి గోలీ తీసి నాలుక కింద పెట్టింది.

"మండుతున్నదా?"

బాపు తల అడ్డంగా ఊపాడు. అవ్వ ఇంకోటి పెట్టింది.

"జర చెప్పుండ్రి, మండుతున్నదా?"

మళ్లీ అడ్డంగానే ఊపాడు. అవ్వ పాన్‌దాన్ వైపు చూసింది. డాక్టరు మాట అప్పుడు గుర్తొచ్చింది.

"అయ్యో, నేనే సీసల కెల్లి తీస్తి! నా చేతులు ఇరగ! నేనే సంపుకుంటి!" అని కిటికీ ఊచకు తల కొట్టుకుంది.

"అన్నా, యాడ ఆపకు, సీదా దవాఖానకు పోనియ్యి!" అని నేను డ్రైవరు మీద అరిచాను. అతను హారన్ మీద చెయ్యి తీయలేదు. కరీంనగర్ రానే రాదు.

బాపు కళ్లు తెరిచి అవ్వ చెయ్యి పట్టుకున్నాడు.

"జానకీ, ఏడ్వకు. గిప్పుడు మండుతున్నది. మస్తు మండుతున్నది."

"నిజంగనా?"

"నీ మీద ఒట్టు."

అవ్వ ఏడుస్తూనే నవ్వింది. కొంగుతో ఆయన ముఖం తుడిచింది. దవాఖాన గేటు వచ్చేసరికి బాపు లేడు.

దినాలయ్యాక పాన్‌దాన్ తెరిచి, మిగిలిన గోలీ ఒకటి నాలుక కింద పెట్టుకున్నాను. కరిగిపోయింది. లవంగం వాసన తప్ప ఏమీ లేదు.

పరామర్శకు వచ్చిన భూమవ్వతో అవ్వ వంటింట్లో అంటోంది: "గోలీ మంచిగనే పని చేసింది. మండుతున్నదని ఆయనే చెప్పిండు."

మిగిలిన గోలీలు పెరట్లో పారబోసి, గిన్నె కడిగి, కొత్త లవంగాలు పోసి పెట్టాను.